సిలువ మీద ఒకే ఒక మాట: మార్కు సువార్తను అమ్మకు చదివి వినిపించాక

శుభ శుక్రవారం ఆరాధన మా కడప సంఘంలో మధ్యాహ్నం పన్నెండుకు మొదలై మూడింటికి ముగుస్తుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని, ఒక్కొక్కరు ఒక్కో మాట మీద ప్రసంగిస్తారు. ఆ ఎండకు ఫ్యాన్లు కూడా వేడిగాలే కొడతాయి. అయినా ఆ మూడు గంటలూ ఎవరూ లేచిపోరు. ఈ ఏడాది నాకు నాలుగో మాట ఇచ్చారు: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." మా పాస్టరు అయ్యగారు చీటీ నా చేతికిస్తూ, "సిస్టరమ్మా, ఈ మాట తీసుకోవడానికి అందరూ వెనకాడతారు. వార్డులో దినామూ మనుషుల బాధ చూసేవారు, మీరే చెప్పాల" అన్నారు.

ఏడు మాటలు ఏ సువార్తలో ఏవి ఉన్నాయో ముందుగా చూసుకున్నాను. మూడు లూకావి: "తండ్రీ, వీరిని క్షమించుము", దొంగకు ఇచ్చిన పరదైసు మాట, ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట. మూడు యోహానువి: తల్లిని శిష్యుడికి అప్పగించడం, దప్పిక, "సమాప్తమైనది". మిగిలిన ఒక్కటి, నాలుగోది, మార్కుది. మత్తయి కూడా మార్కు దారిలోనే నడిచి ఆ ఒక్కదాన్నే రాశాడు. మార్కు సువార్తలో సిలువ మీద యేసు ఇంకేమీ మాట్లాడడు. శత్రువులను క్షమించమనే ప్రార్థన లేదు. పక్కనున్న దొంగలిద్దరూ నిందించేవాళ్లే. అమ్మ దగ్గర్లో లేదు. పొద్దున తొమ్మిదింటికి సిలువ వేశారు, మధ్యాహ్నం నుంచి చీకటి, మూడింటికి ఒక కేక, ఆ తర్వాత మాటలు లేని ఇంకో పెద్ద కేకతో ప్రాణం పోయింది.

ఏడింటినీ కలిపి వినడం మంచి ఆచారం, చిన్నప్పటి నుంచి నన్ను పెంచిన ఆచారం. అయితే అట్లా కలిపి వింటే మార్కు చెప్పింది వినపడకుండా పోతుంది. నాలుగో మాట ఇంకా గుండెలో దిగకముందే అయిదు, ఆరు, ఏడు వచ్చి దాన్ని ఓదార్చేస్తాయి. మార్కు మనకు ఆ ఓదార్పు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అర్థం కావాలంటే తక్కిన మూడింటినీ కాసేపు పక్కన పెట్టి, ఈ ఒక్క సువార్తను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

నేను మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మ జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. నేను నర్సునయ్యానంటే ఆ ఆవరణలో పెరిగినందుకే. ఇప్పుడు గ్లాకోమాతో అమ్మకు చూపు దాదాపు పోయింది. బడిచదువు తక్కువ, గానీ కీర్తనలు ఎన్నో నోటికొచ్చు, పల్లవి అందిస్తే చరణాలన్నీ పాడుతుంది. డ్యూటీ లేని ఒక ఆదివారం, అన్నాలు తిన్నాక, ఆమె మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను. "దేవుని కుమారుడైన యేసుక్రీస్తు సువార్త ప్రారంభము." పశువుల తొట్టి లేదు, జ్ఞానులు లేరు, వంశావళి లేదు. నేరుగా అరణ్యంలో యోహాను కేక. "క్రిస్మస్ యాడ పాయ?" అనింది అమ్మ. మార్కులో క్రిస్మస్ లేదని ఆమె ఎప్పుడూ గమనించలేదు, ఎందుకంటే మార్కును విడిగా ఎవరూ ఆమెకు వినిపించలేదు.

పదహారు అధ్యాయాలే, నాలుగు సువార్తల్లోకి చిన్నది. మధ్యలో టీ తాగినా సాయంత్రం కాకముందే అయిపోయింది. అసలు ఈ పుస్తకం పుట్టిందే వినేవాళ్ల కోసం. మొదటి శతాబ్దంలో చదవడం వచ్చినవాళ్లు కొద్దిమంది. ఏదో ఒక ఇంట్లో చేరి, ఒకరు పైకి చదివితే తక్కినవాళ్లు వినేవాళ్లు. 13వ అధ్యాయంలో దేవాలయం అపవిత్రమయ్యే సంగతి దగ్గర "చదువువాడు గ్రహించుగాక" అని ఒక మాట వస్తుంది. అది అట్లా నిలబడి పైకి చదివే మనిషిని ఉద్దేశించిందేనని కొందరు పండితులంటారు. అమ్మకు చదువుతూ ఆ చోటికొచ్చినప్పుడు ఎవరో నన్నే పలకరించినట్టయి కాసేపు ఆగాను.

ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది మా స్త్రీల మైత్రి కూడికల్లో ఎవరూ పెద్దగా అడగరు. అడగాల్సిన ప్రశ్నే. పుస్తకం లోపల రచయిత తన పేరు ఎక్కడా చెప్పుకోలేదు, మార్కు పేరున్న శీర్షిక తర్వాత చేరింది. మార్కు పేరు మీద మనకున్న పాత సాక్ష్యం పపియాసుది. ఇప్పటి టర్కీలో ఉన్న హియెరాపొలికి ఆయన బిషప్పు, రెండో శతాబ్దం తొలినాళ్లవాడు. ఆయన రాసిన పుస్తకం మనదాకా రాలేదు, నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియసు ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. పేతురు మాటలను వినేవాళ్లకు దుబాసీగా అందించిన మార్కు, ఆయన చెప్పినవాటిని గుర్తున్నంతవరకూ జాగ్రత్తగా రాశాడనీ, వరుసక్రమంలో మాత్రం రాయలేదనీ పపియాసు చెప్పాడు. దాదాపు 180లో ఇరేనియసు అనే ఇంకో బిషప్పు కూడా మార్కు పేతురు శిష్యుడనీ, పేతురు పోయాక ఆయన బోధను రాసి మనకిచ్చాడనీ అన్నాడు.

ఈ మార్కు, అపొస్తలుల కార్యములలో కనిపించే యోహాను మార్కు ఒకరేనా? సంప్రదాయం అవునంటుంది. మార్కు అనేది ఆ కాలపు రోమా లోకంలో వీధికొకరికి ఉండే పేరు కాబట్టి రుజువు చేయలేమని చాలామంది పండితులంటారు. నేను సంప్రదాయం వైపే మొగ్గుతాను. యోహాను మార్కు కథ చూడండి. చెరసాల నుంచి బయటపడ్డ పేతురు యెరూషలేములో వెళ్లి తలుపు తట్టింది వీళ్లమ్మ మరియ ఇంటి తలుపే. పౌలు, బర్నబాలతో కలిసి సేవకు బయల్దేరి, పెర్గే దగ్గర వాళ్లను వదిలి వెనక్కి వెళ్లిపోయాడు. అతన్ని మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అన్న తగాదాలోనే పౌలూ బర్నబా విడిపోయారు. చివరికి తిమోతికి రాసిన రెండో పత్రికలో, మార్కును వెంటబెట్టుకొని రా, సేవకు అతడు నాకు పనికొస్తాడు అని ఉంది. మధ్యలో వదిలి వెళ్లి, మళ్లీ చేర్చుకోబడిన మనిషి. శిష్యులందరూ పారిపోయే ఈ సువార్తను అలాంటి మనిషి రాశాడంటే నాకు నమ్మబుద్ధి అవుతుంది.

కాలం విషయంలో ఎక్కువమంది పండితులు 70వ సంవత్సరానికి అటూ ఇటూ అంటారు. ఆ సంఖ్య వెనకున్న భయం మనకు తెలియాలి. 64లో రోము నగరం తగలబడింది, నింద తప్పించుకోవడానికి నీరో చక్రవర్తి క్రైస్తవుల మీద పడ్డాడు. 66లో యూదయలో తిరుగుబాటు లేచింది. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేమును పట్టుకుని దేవాలయాన్ని తగలబెట్టింది. సహోదరుడు సహోదరుణ్ని, తండ్రి కుమారుణ్ని మరణానికి అప్పగిస్తారన్న 13వ అధ్యాయపు మాట ఆ శ్రోతలకు ఎప్పుడో జరగబోయే సంగతిగా వినిపించి ఉండదు. వాళ్లలో పట్టుబడ్డవాళ్ల బంధువులు ఉండవచ్చు, భయపడి "ఆయన ఎవరో నాకు తెలియదు" అని బయటపడ్డవాళ్లూ ఉండవచ్చు.

రాసిన చోటు రోము అని పాత సాక్ష్యం. యూదులు చేతులు కడుక్కునే ఆచారాన్ని రచయిత ఆగి వివరిస్తాడు, అంటే వినేవాళ్లలో ఆ ఆచారం తెలియనివాళ్లున్నారు. పేద విధవరాలు వేసిన రెండు కాసుల విలువను రోమా నాణెంలో లెక్కకట్టి చెబుతాడు. సిలువ మోసిన కురేనీయుడైన సీమోనును "అలెక్సంద్రునకును రూఫునకును తండ్రి" అని పరిచయం చేస్తాడు. మత్తయిలో, లూకాలో ఆ పిల్లల పేర్లు లేవు. మార్కు శ్రోతలకు వాళ్లు తెలిసినవాళ్లయితే తప్ప ఆ పేర్లతో పనేముంది? రోమా సంఘానికి రాసిన పత్రిక చివర పౌలు ఒక రూఫుకు వందనాలు చెప్పాడు. అతడూ ఇతడూ ఒకరేనని తేల్చలేం గానీ, కొట్టిపారేయనూ లేం. రోము కాదు, సిరియా ప్రాంతమనే పండితులు కూడా ఉన్నారు.

చాలా కాలం సంఘం ఈ సువార్తను చిన్నచూపు చూసింది. తొలి శతాబ్దాల సంఘపు గొప్ప బోధకుడు అగస్టీను అంతటివాడు మార్కును మత్తయి వెనక నడిచి దాన్ని కుదించినవాడన్నాడు. 19వ శతాబ్దంలో పండితులు మత్తయి, మార్కు, లూకా మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివాకే సంగతి తిరగబడింది: ముందు రాసింది మార్కే, తక్కిన ఇద్దరూ అతన్ని చూసి రాశారని ఎక్కువమంది తేల్చారు. మార్కులో ఉన్నదాంట్లో పదింట తొమ్మిది వంతులు మత్తయిలో ఉంది, దాదాపు సగం లూకాలో ఉంది. ఒకే సంఘటనను మూడు చోట్లా పోల్చి చూస్తే మార్కులో మాట గరుకుగా ఉంటుంది, తక్కిన ఇద్దరిలో నునుపుగా ఉంటుంది. తుఫానులో పడవ మునిగేటప్పుడు మార్కులో శిష్యులు "నీకు చింతలేదా?" అని యేసునే నిలదీస్తారు. మత్తయిలో అది "ప్రభువా, రక్షించుము" అనే ప్రార్థన అయింది. యేసుకు మతి చలించిందనుకుని ఇంటివాళ్లు పట్టుకుపోవడానికి వచ్చిన సంగతి మార్కు 3లో ఉంది, మిగతా ఇద్దరూ వదిలేశారు. మా వార్డులో రాత్రిపూట ఎమర్జెన్సీలో రాసిన కేస్ షీటుకూ, డిశ్చార్జ్ రోజు నింపాదిగా తయారుచేసిన సమ్మరీకీ ఇదే తేడా ఉంటుంది. రెండూ నిజమే. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో తెలియాలంటే నేను కేస్ షీటే తిప్పుతాను.

ఇక అయిదో అధ్యాయం. ఇక్కడ నన్ను కొంచెం సేపు ఆగనివ్వండి, ఎందుకంటే నా ఉద్యోగమంతా ఈ అధ్యాయంలోనే ఉంది.

సమాజమందిరపు అధికారి యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. యేసు బయల్దేరాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న ఒక స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టింది. "అనేక వైద్యులచేత ఎన్నో తిప్పలుపడి తనకు కలిగినదంతయు వ్యయము చేసికొని, యెంతమాత్రమును ప్రయోజనములేక మరింత సంకటపడెను" అని మార్కు రాశాడు. లూకా ఇంత కటువుగా చెప్పలేదు, ఎవరూ బాగుచేయలేకపోయారని సరిపెట్టాడు. అమ్మ వెంటనే, "సూడు పాపా, డాక్టర్లకు పెట్టి పెట్టి అంతా అయిపాయ. ఇప్పుడు మాత్రం అంతే గదా" అనింది. అవును. ప్లాస్టిక్ కవర్లో పాత రిపోర్టులన్నీ పెట్టుకుని, కమ్మలు కూడా తాకట్టు పెట్టేసి, కనురెప్ప కింద రంగే లేకుండా, రెండు మెట్లెక్కితే ఆయాసపడుతూ మా దగ్గరికొచ్చే ఆడవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదమ్మా అంటే తల దించుకుంటారు. లేవీయకాండము 15 ప్రకారం ఆమె అపవిత్రురాలు, ఆమెను తాకినవాళ్లూ అపవిత్రులే. అంటే పన్నెండేళ్లు ఆమెను ఎవరూ ముట్టుకోలేదు.

యేసు ఆగిపోయాడు. నన్ను ముట్టినదెవరు అని అడిగి, ఆమె "నిజమంతయు" చెప్పుకునేదాకా నిలబడ్డాడు. పక్కన యాయీరు ఉన్నాడు, అతని బిడ్డ ప్రాణం పోతోంది. క్యాజువాలిటీలో నేనైతే పాపనే ముందు చూడమంటాను, పన్నెండేళ్ల జబ్బు ఇంకో గంట ఆగగలదు. ఆయన ఊరి పెద్దను ఆపి, పేరు కూడా రాయబడని ఆడమనిషి మాట పూర్తిగా విన్నాడు. ఆ కాసేపట్లో పాప చనిపోయింది. తర్వాత ఆ ఇంటికి పోయి పాపను లేపాడు. పాప వయసు పన్నెండేళ్లు. ఈమె జబ్బు మొదలైన ఏడే ఆ పాప పుట్టింది. ఒక కూతురి కోసం తండ్రి వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఇంకొకరి తరఫున అడిగే మనిషే లేడు, ఆమెను యేసే "కుమారీ" అని పిలిచాడు. ఈ రెండూ విడివిడిగా చెప్పి ఉంటే రెండు అద్భుతాలు. ఒకదాని కడుపులో ఇంకొకటి పెట్టి చెప్పడం వల్ల అది దేవుని రాజ్యంలో ఎవరి ముందు ఎవరు ఆగాలన్న బోధ అయింది. మార్కు బోధ చాలావరకు ఇట్లాగే, కథ పేర్చిన తీరులోనే ఉంటుంది. అంజూరపు చెట్టు కథ మధ్యలో దేవాలయంలో బల్లలు పడదోయడం కూడా ఇట్లా పెట్టిందే. ఒక్కొక్క వచనం విడదీసి వాగ్దానపు కార్డు మీద అచ్చువేస్తే ఈ బోధ కనపడదు.

పాప లేచాక ఆయన చెప్పిన చివరి మాట, ఆమెకు తినడానికేమైనా పెట్టండి అని. ఇది విన్నప్పుడు అమ్మా నేనూ ఇద్దరం నవ్వుకున్నాం. జ్వరం తగ్గిన బిడ్డ కళ్లు తెరవగానే అమ్మ వార్డులో అడిగే మొదటి మాట అదేనంట.

ఆ ఇంట్లోనే ఇంకో మాట ఉంది: ఇది ఎవరికీ తెలియకూడదని గట్టిగా ఆజ్ఞాపించాడు. మార్కంతటా ఇది వస్తూనే ఉంటుంది. దయ్యాలకు ఆయనెవరో తెలుసు, వాటి నోరు మూయిస్తాడు. కుష్ఠరోగిని ఎవరికీ చెప్పొద్దంటాడు, అతడు ఊరంతా చాటుతాడు. 1901లో జర్మన్ పండితుడు వ్రెడె ఈ రహస్యం మీదే ఒక పుస్తకం రాశాడు, ఇది జరిగిన చరిత్ర కన్నా సువార్త వెనకున్న విశ్వాసం అల్లిన పద్ధతి అన్నాడు. ఆయన తేల్చినదాన్ని తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు గానీ, ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అట్లాగే నిలిచింది: స్వస్థపరిచేవాడు తన పేరు ఎందుకు దాచమంటాడు? నాకు తోచేది ఇది. అద్భుతాలు మాత్రమే చూసినవాడికి ఆయనెవరో సగమే తెలుస్తుంది, ఆ సగం తెలివి అసలు తెలియకపోవడం కన్నా ప్రమాదం.

దీన్ని మార్కు చెప్పకుండా చూపిస్తాడు. ఎనిమిదో అధ్యాయంలో, బేత్సయిదాలో ఒక గుడ్డివాడు. యేసు మొదటిసారి చెయ్యి పెట్టాక, మనుషులు చెట్లలాగా ఉండి నడుస్తున్నట్టు కనపడుతున్నారని అంటాడు. రెండోసారి చెయ్యి పెట్టాక తేటగా చూస్తాడు. రెండు విడతలుగా జరిగిన స్వస్థత నాలుగు సువార్తల్లో ఇదొక్కటే, మత్తయీ లూకా దీన్ని తీసుకోలేదు. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "నాకూ అట్లే పాపా. నువ్వు తలుపు కాడ నిలబడితే ఏదో మాను నిలబడినట్టు ఉంటాది. గొంతు ఇంటే గానీ నువ్వని తెలీదు." ఆ చెట్ల మాట రాసినవాడు చూపు తగ్గిన మనిషి నోటి నుంచి విని ఉంటాడని ఆ రోజు గట్టిగా అనిపించింది.

సరిగ్గా దాని తర్వాతే పేతురు "నీవు క్రీస్తువు" అంటాడు. సరైన జవాబే. వెంటనే యేసు తాను శ్రమపడి చంపబడాలని చెబితే పేతురు ఆయన్నే గద్దిస్తాడు, "సాతానా, నా వెనుకకు పొమ్ము" అనిపించుకుంటాడు. పేతురు చూపు ఇంకా మొదటి విడతలోనే ఉంది. అక్కడి నుంచి మూడుసార్లు యేసు తన మరణం సంగతి చెబుతాడు, మూడుసార్లూ శిష్యులు దాన్ని పట్టించుకోరు. రెండోసారి చెప్పినప్పుడు తమలో ఎవరు గొప్ప అని వాదించుకుంటున్నారు. మూడోసారి యాకోబు, యోహాను వచ్చి నీ మహిమలో కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కూర్చుంటామంటారు. మీరేమి అడుగుతున్నారో మీకు తెలియదన్నాడు. ఆయన కుడి ఎడమలకు చివరికి వచ్చింది ఎవరో 15వ అధ్యాయంలో ఉంది: ఇద్దరు బందిపోటు దొంగలు, రెండు సిలువల మీద. మనుష్యకుమారుడు పరిచారం చేయించుకోవడానికి రాలేదు, చేయడానికీ అనేకులకు ప్రతిగా తన ప్రాణం ఇవ్వడానికీ వచ్చాడన్న మాట ఈ కుర్చీల తగాదా మీదే పలికాడు. ఆ వెంటనే యెరికోలో ఇంకో గుడ్డివాడు, బర్తిమయి, చూపు పొంది ఆయన వెంట ఆ దారిలోనే నడిచాడు. ఆ దారి యెరూషలేముకు, సిలువకు పోతుంది. అంటే ఈ మూడు మాటలకూ ముందొక గుడ్డివాణ్నీ, వెనకొక గుడ్డివాణ్నీ నిలబెట్టాడు మార్కు.

మా వైపు ఇప్పుడు ఏ కూడికకు పోయినా సాక్ష్యమంటే ఇల్లు కట్టాం, ఉద్యోగం వచ్చింది, జబ్బు పోయింది. దేవుడు ఇచ్చాడని కృతజ్ఞత చెప్పుకోవడం తప్పు కాదు. నేనూ చెప్పుకుంటాను. కానీ జబ్బు పోనివాళ్లు ఆ కూడికలో వెనక వరసలో కూర్చుని ఉంటారు, వాళ్లకు సాక్ష్యం లేదనుకుంటారు. వాళ్లకు మార్కు సువార్త కావాలి.

సిలువ దగ్గరికి వస్తాను. 22వ కీర్తన మొదటి వచనమే ఆ కేక. ఆ కీర్తన చివర స్తుతి ఉంది కాబట్టి యేసు మనసులో విజయమే ఉందని చాలామంది ప్రసంగిస్తారు. అది మంచి ఉద్దేశమే, కానీ మార్కు రాసిన వరుస చూడండి. ముందు సైనికులు బట్టలు పంచుకున్నారు, అది కీర్తనలో 18వ వచనం. తర్వాత దారిన పోయేవాళ్లు తలలూచి దూషించారు, నిన్ను నువ్వే రక్షించుకో అన్నారు, అవి 7, 8 వచనాలు. ఆ తర్వాత కేక, మొదటి వచనం. మార్కు ఆ కీర్తనను కింద నుంచి పైకి, వెలుగు నుంచి చీకటిలోకి నడిపించాడు. స్తుతి దగ్గర ముగించాలనుకున్నవాడు అట్లా నడిపించడు.

ఆయన ప్రాణం పోగానే దేవాలయపు తెర పైనుంచి కిందిదాకా చినిగింది. మొదటి అధ్యాయంలో బాప్తిస్మం పొందినప్పుడు ఆకాశం చీలింది, "నీవు నా ప్రియకుమారుడవు" అన్న స్వరం వచ్చింది. ఇప్పుడు తెర చినిగింది, ఆకాశం నుంచి ఏ స్వరమూ లేదు. ఈసారి ఆ మాట పలికింది ఒక మనిషి, సిలువ వేయించడానికి నిలబడ్డ రోమా శతాధిపతి: "నిజముగా ఈ మనుష్యుడు దేవుని కుమారుడే." మార్కులో ఒక మనిషి ఆయన్ను దేవుని కుమారుడని ఒప్పుకున్నది ఇదే మొదటిసారి. అంతకు ముందు దయ్యాలు అన్నాయి, పైనుంచి స్వరం అంది, మనుషులెవరూ అనలేదు. ఈ శతాధిపతి ఒక్క అద్భుతమూ చూడలేదు. ఆయన ప్రాణం విడవడం చూశాడు, అంతే. పుస్తకమంతా దాచిన రహస్యం ఇక్కడ, ఆ కేక తర్వాత, బయటపడింది. అందుకే మార్కు సిలువ మీద ఇంకో మాట పెట్టలేదని నేను నమ్ముతున్నాను. దేవుడు లేడనిపించిన చోట, కుమారుడు చేయి వదిలివేయబడ్డ చోట దేవుడు తెలియబడ్డాడు. ఓదార్పు మాట ఒక్కటి చేర్చినా మనం దాన్నే పట్టుకుని ఆ చోటు దాటిపోయేవాళ్లం.

నాలుగో మాట మీద నేను చెప్పింది కూడా ఇదే, కొంచెం తక్కువ మాటల్లో. వార్డులో రాత్రి రెండు, మూడు గంటలప్పుడు రోగి పక్కనున్నవాళ్లు "దేవుడు యాడుండాడు సిస్టరూ?" అని అడుగుతారు. అట్లా అడిగితే అవిశ్వాసమేమోనని మళ్లీ వాళ్లే భయపడతారు. యేసు అడిగిన ప్రశ్న అవిశ్వాసం ఎట్లా అవుతుంది? ఆయన "నా దేవా" అనే అడిగాడు. ఆరాధన అయ్యాక, ఇటీవలే కొడుకును పోగొట్టుకున్న ఒక అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

చివరి అధ్యాయం గురించి చెప్పి ఆపుతాను. సమాధి దగ్గరికి ముగ్గురు స్త్రీలు వచ్చారు. తెల్లని బట్టల పడుచువాడు ఆయన లేచాడనీ, మీకంటె ముందుగా గలిలయకు వెళ్తున్నాడనీ, ఆయన శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పండనీ అన్నాడు. వాళ్లు వణుకుతూ పారిపోయారు. "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు." ఇది 8వ వచనం. నాలుగో శతాబ్దపు సినాయి ప్రతి, వాటికన్ ప్రతి రెండింటిలోనూ మార్కు సువార్త ఇక్కడే ముగిసింది. తమకు తెలిసిన గ్రీకు ప్రతుల్లో చాలావాటిలో ఆ తర్వాతి భాగం లేదని యూసేబియసు, బైబిలును లాటినులోకి అనువదించిన జెరోము కూడా రాశారు. మన బైబిల్లో ఉన్న 9 నుంచి 20 దాకా వచనాలు తర్వాత చేర్చినవని ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. చేర్చింది కూడా చాలా పాతకాలమే, ఇరేనియసు వాటిలో ఒక వచనాన్ని ఉదహరించాడు.

నేను 8 దగ్గర ఆపాను. అమ్మ కాసేపు ఆగి, "అంతేనా?" అనింది. అంతేనమ్మా, పాత ప్రతుల్లో అంతే ఉందన్నాను. శిష్యులు పారిపోయారు, చివరిదాకా నిలబడ్డ ఆడవాళ్లూ పారిపోయారు, ఇది ఆమెకు నచ్చలేదేమో అనుకున్నాను. ఆమె ఆలోచిస్తున్నది వేరే. "పేతురు పేరు ప్రత్యేకంగా చెప్పినాడు సూడు ఆ పిల్లోడు. మంట కాడ నాకు తెలీదు అనిన మనిషి గదా. వాన్ని లెక్కలో పెట్టుకున్యాడు దేవుడు." నిజమే, యేసును పట్టుకున్న రాత్రి చలిమంట దగ్గర ఆయన్ను ఎరగనన్నది పేతురే. "పేతురుతోను" అన్న మాట మార్కులో తప్ప ఇంకెక్కడా లేదు. నీరో కాలంలో భయపడి బయటపడ్డవాళ్లు ఆ మాటను ఎట్లా విని ఉంటారో అమ్మ వల్లే నాకు తట్టింది.

ఆ చేర్చిన వచనాలను నేను సంఘంలో గౌరవంగానే చదువుతాను. కానీ 18వ వచనం మీద ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాములను ఎత్తి పట్టుకుంటారు, మరణకరమైనది తాగినా హాని కాదు అన్నది అక్కడిదే. దాన్ని పట్టుకుని, విశ్వాసముంటే మందులు మానేయమని చెప్పే స్వస్థత కూడికలున్నాయి. ఇన్సులిన్ ఆపేసి స్పృహలేని స్థితిలో మా దగ్గరికి వచ్చినవాళ్లను నేను ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. పాత ప్రతుల్లో లేని ఒక్క వచనం మీద ఒక మనిషి ప్రాణం పెట్టొద్దు. పొలంలో పాము కరిస్తే ప్రార్థన చేస్తూనే బండెక్కించండి, మంత్రాలకూ కట్లకూ ఆగకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకురండి, విషానికి విరుగుడు ఇంజెక్షను అక్కడ ఉంటుంది. చెయ్యి ఉంచి ప్రార్థించాలనుకునే అయ్యగార్లు వార్డుకే రావచ్చు, మేము కుర్చీ వేస్తాం.